రేకు మీద రెండు దెబ్బలు

పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా. తెల్లారంగ పోయిండు. మంచిగనే పోయిండు" అన్నది. కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండి, ముందు "అమ్మయ్య" అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మనిషి పోతే అమ్మయ్య అనుకునేదాన్ని ఏమంటారో అనండి, కాకపోతే ఇది చివరిదాకా చదివి అనండి.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. సురంగల్‌లో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్లు చర్చికి పోతారు, మేం గుడికి పోతాం. వరసలు మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ మామ, అత్త. మామ మెహిదీపట్నం నుంచి చేవెళ్లకు పోయే బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఫోన్‌లో లైవ్ వీడియోలు చేసి, ఉద్యోగంలో రాని పేరంతా ముసలితనంలో తెచ్చుకున్నాడు. దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్న మనవాళ్లకు కూడా ఆయన కండక్టర్ మామే.

నేను కాలేజీకి పోయిందీ వచ్చిందీ మామ బస్సులోనే. ఒకసారి సాయంత్రం అజీజ్‌నగర్ దాటగానే బస్సు ఆగిపోయింది. వాన. వెనకాల వచ్చిన ప్రతి బస్సునూ మామ చెయ్యడ్డం పెట్టి ఆపి, నలుగురిని ఒకదాంట్లో, ఐదుగురిని ఒకదాంట్లో కుక్కి పంపించాడు. ఆఖరికి గంపలో కోళ్లు పెట్టుకున్న ఒక అవ్వ మిగిలింది. కోళ్లను చూసి ఏ కండక్టరూ ఎక్కనివ్వడం లేదు. మామ వాళ్లతో పోట్లాడాడు, బతిమాలాడు, చివరికి కూరగాయలు దింపి ఖాళీగా వస్తున్న ఒక వ్యాన్‌ను ఆపి అవ్వను ముందు సీట్లో, కోళ్లను వెనకాల కూర్చోబెట్టాడు. అప్పటికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

"డ్రైవర్ ఉన్నడు గద మామా, నువ్వు ఇంటికి పోరాదు?" అన్నాను.

"పాసింజర్ దిగకముందు కండక్టర్ దిగితె అది బస్సు గాదు బిడ్డా, రేకుడబ్బ" అన్నాడు.

అప్పుడు నాకు అది చాదస్తం అనిపించింది. కోపం కూడా వచ్చింది, ఎందుకంటే చలేస్తోంది.

ఆయన లైవ్‌లోకి రావడం నా దుకాణంలోనే జరిగింది. మొయినాబాద్‌లో రోడ్డు మీద నాది లేడీస్ టైలర్ షాపు. జాకెట్ల డిజైన్లు చూపించడానికి నేనే ఫోన్ స్టాండుకు పెట్టి లైవ్ చేసేదాన్ని. చూసేవాళ్లు పదిమంది ఉంటే అందులో నలుగురు మా చుట్టాలు. ఒకరోజు లైవ్ నడుస్తుండగానే ఎవరో కొలతలకు వస్తే లోపలికి వెళ్లాను. బస్సు కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్న మామకు ఫోన్‌లో ఫలానావాళ్లు చేరారు, ఫలానావాళ్లు చేరారు అని పేర్లు పడుతుండడం కనిపించింది. పాత అలవాటు ఊరుకుంటుందా? "ముందటికి జరుగుండ్రి, లోపల మస్తు జాగున్నది. ఫుట్‌బోర్డు మీద నిలవడొద్దు. అమ్మా, నీదే స్టాపు?" అని మొదలుపెట్టాడు. నేను బయటికి వచ్చేసరికి జనం నవ్వుతూ కామెంట్లు పెడుతున్నారు. ఒకామె లంగర్‌హౌస్ అంటోంది, ఒకాయన అప్పా జంక్షన్ అంటున్నాడు. నా జాకెట్ల సంగతి అడిగిన నాథుడు లేడు. కొంచెం కడుపుమండిన మాట నిజం.

అట్లా మొదలైంది లైవ్ బస్సు. రోజూ సాయంత్రం మామ ఇంట్లో ఇనుప బీరువా పక్కన మంచం మీద కూర్చుని ఫోన్ పెట్టుకునేవాడు. "ప్రభువా, బండి పైలంగ నడిపియ్యి" అని కళ్లు మూసుకుని, బీరువా రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేవాడు. మీరు ఆ బస్సులు ఎక్కి ఉంటే తెలుసు, ఒక దెబ్బ అంటే ఆపు, రెండు దెబ్బలంటే పోనియ్. మెహిదీపట్నంలో బయలుదేరి ఒక్కో స్టాపు పేరు పిలుస్తూ, అక్కడ దిగేవాళ్లతో ఇంటి సంగతులు, పొలం సంగతులు మాట్లాడుతూ చేవెళ్ల చేరేసరికి గంట దాటేది. ఆ లైవ్‌లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ చెప్పకుండా పోకూడదు. తమ స్టాపు వచ్చినప్పుడు "దిగుతున్న మామా" అని పెట్టాలి. అది ఆయన పెట్టిన నియమం కాదు, జనమే పెట్టుకున్నారు.

మామ లైవ్ చేసే యాప్‌లోనే మా చుట్టుపక్కల పెద్దపెద్ద పేర్లే ఉన్నాయి. కనకమామిడి దగ్గర ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకుని లైవ్‌లో పోట్లాడుకునే మొగుడూపెళ్లాలు ఉన్నారు, కెమెరా ఆగగానే ఒకే పళ్లెంలో తింటారట. వాళ్లకు లక్షల మంది. మామకు అంత లేదు. ఒకరోజు వెయ్యి మంది దాటేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. "ఓవర్‌లోడ్ అయ్యింది, ఇగ ఎక్కకుండ్రి, ఎనక ఇంకో బస్సొస్తది" అని లైవ్ కట్టేసి కూర్చున్నాడు. లైవ్ చేసేవాళ్లలో జనం ఎక్కువయ్యారని భయపడినవాడు ఈ లోకంలో ఆయనొక్కడే అయి ఉంటాడు. చూసేవాళ్లు తెర మీద గులాబీ బొమ్మలు పంపిస్తే "మా ఊరి తోటలల్ల గులాబీలే గద, మళ్లెందుకు?" అనేవాడు.

అత్తకు ఇదంతా నచ్చేది కాదు. వెనక నుంచి పోవాల్సి వస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంగి పోయేది. "దినమంత బస్సుల దిరిగి వచ్చినోడు, ఇప్పుడు బస్సునే ఇంట్లకు తెచ్చిండు" అని నాతో గొణిగేది.

రోజూ ఎక్కేవాళ్లలో ఒకతను ఉండేవాడు. తోల్కట్ట అతని ఊరు. మస్కట్‌లో పని. ఎన్నో ఏళ్లుగా ఊరికి రాలేకపోయాడు. రోడ్డు మీద ఆ ఊరికి తిరిగే మలుపు, తోల్కట్ట గేటు, రాగానే మామ పిలిచేవాడు.

"తోల్కట్ట గేటు. మస్కట్ పిల్లగా, దిగు."

"నేను దిగ మామా. నిజంగ వచ్చిననాడే దిగుత. అప్పటిదాక బస్సులనే ఉంట" అని అతను పెట్టేవాడు.

"సరే, సీట్ల పండుకో" అని మామ ముందుకు పోయేవాడు. రోజూ ఇదే మాట, రోజూ అందరూ నవ్వేవాళ్లు. ఇద్దరూ మాత్రం నవ్వకుండా చెప్పుకునేవాళ్లు.

తర్వాత మామ గొంతు బొంగురుపోయింది. చల్లటి నీళ్లు తాగావా అని జనం అడిగారు, మిరియాలు నమలమన్నారు. దవాఖానలో మాత్రం గొంతులో గడ్డ అన్నారు, ముదిరిందన్నారు. మామ లైవ్‌లో ఎవరికీ చెప్పలేదు, చెప్పనివ్వలేదు. ఒక సాయంత్రం లైవ్‌లో బస్సు మొయినాబాద్‌కు ముందు ఊరు హిమాయత్‌నగర్ దాటాక దగ్గు పట్టుకుని ఆగలేదు. రుమాలంతా నెత్తురైంది. అత్త పరిగెత్తుకొచ్చి ఫోన్ ఆపేసింది. అక్కడి నుంచి నేరుగా పెద్ద దవాఖానకే.

నేను చూడడానికి పోతే మామ నా చెయ్యి పట్టుకుని నోటి దగ్గరికి వంగమన్నాడు. గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. "హిమాయత్‌నగర్ దాటినం. మొయినాబాద్ రాలె. అందరు నడి తొవ్వల ఉన్నరు" అన్నాడు. నొప్పి గురించి కాదు, మందుల గురించి కాదు. తర్వాత ఎప్పుడు పోయినా అదే మాట. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పినప్పుడు నాకు పట్టుకున్న భయం కూడా ఒక్కటే. ఈ మనిషి ఆ రోడ్డు మధ్యలో జనాన్ని నిలబెట్టానన్న బాధతో పోతాడేమో అని. ఆ భయంతో నాకు మిషన్ మీద కుట్టు సరిగ్గా పడేది కాదు.

ఇంటికి తెచ్చాక ఫోన్ పెట్టమని సైగ చేశాడు. అత్త వద్దన్నది, ఏడ్చింది, తిట్టింది. చివరికి తనే దిండ్లు పెట్టి బీరువా పక్కన కూర్చోబెట్టింది. నేను ఫోన్ స్టాండుకు పెట్టాను. మామ నోరు తెరిచాడు, మాట రాలేదు. పేర్లు మాత్రం బిలబిలమంటూ పడుతున్నాయి. మామా ఎట్లున్నవ్, మామా ఏమైంది అని.

అప్పుడు అత్త కొంగు తల మీదికి లాక్కుని, వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. ఫోన్ వైపు సూటిగా చూసింది. "మీ మామకు గొంతు వోయింది. బస్సు నేను నడుపుత. హిమాయత్‌నగర్ కాడ ఆగింది గద, ఆడికెల్లే పోదాం" అన్నది. నేను నోరు తెరిచి చూస్తుంటే నా వైపు తిరిగి, "నిద్రల గూడ ఇదే పలవరిస్తడు. నాకు రాదా?" అన్నది.

మామ బీరువా మీద రెండు దెబ్బలు కొట్టాడు.

మొయినాబాద్‌లో దిగేవాళ్లు దిగారు. కనకమామిడి గేటు దగ్గర దిగేవాళ్లు దిగారు. అత్త ఒక్కొక్కరి పేరూ తడబడుతూ చదివింది, ఒక్కొక్కరూ "దిగుతున్న మామా, పైలం" అని పెట్టారు. ఏం జరుగుతోందో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. తోల్కట్ట గేటు వచ్చింది, మస్కట్ అతను దిగలేదు. చేవెళ్ల వచ్చింది, మిగిలినవాళ్లంతా దిగారు. ఇక అయిపోయిందని నేను ఫోన్ ఆపబోతే మామ తల అడ్డంగా ఊపి తెర వైపు చూపించాడు. అతనొక్కడూ ఇంకా ఉన్నాడు.

మామ వేలితో గాలిలో సున్నా చుట్టాడు. అత్తకు అర్థమైంది. "బస్సు ఎనక్కి తిప్పుతున్నం బిడ్డా. నీ ఒక్కని కోసమే. తోల్కట్ట గేటు, దిగు."

అతని కామెంట్ పడింది. "నేను దిగితే బస్సు వెళ్లిపోతది కదా అత్తమ్మా."

మామ పెదవులు కదిలాయి. అత్త చెవి ఆనించి విని, కళ్లు తుడుచుకోకుండానే చెప్పింది. "నువ్వు దిగకపోతె నేనెట్ల దిగుత అంటున్నడు."

మామ ఊపిరి బరువుగా వినిపిస్తోంది. నేను లోలోపల ఆ ముక్కూమొహం తెలియని మనిషిని బతిమాలుతున్నాను.

"దిగిన మామా" అని వచ్చింది. "ఇంటికి నడుచుకుంట పోత. నువ్వు పో."

మామ బీరువా మీద ఒక్క దెబ్బ కొట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కదలకుండా నిద్రపోయాడని అత్త చెప్పింది. ఆ వారం దాటకుండానే పోయాడు. నా అమ్మయ్యకు కారణం ఇదీ.

అంత్యక్రియల రోజు మేం అనుకోనంత మంది వచ్చారు. వచ్చినవాళ్లు పేర్లు చెప్పలేదు. "నేను అప్పా జంక్షన్ అత్తమ్మా", "నేను లంగర్‌హౌస్" అని చెప్పి చేతులు జోడించారు. అత్త ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది. తోల్కట్ట నుంచి ఒక ముసలాయన వచ్చి, నా కొడుకు పొమ్మన్నడు అని చెప్పి మూలకు కూర్చున్నాడు.

పాస్టరయ్య ప్రార్థన అయిపోయింది. పెట్టెను వ్యాన్‌లోకి ఎక్కించారు. సమాధుల తోటకు పోవాలి. డ్రైవర్ ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎవరైనా పొమ్మంటారేమో అని అద్దంలో చూస్తున్నాడు. అత్త గుమ్మం దిగి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, వ్యాన్ రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

బండి కదిలింది.