పొయ్యి దగ్గర్నుంచి నన్ను తప్పించిన మేస్త్రిగారు

పక్కింట్లో చలిమిడికి పాకం పడుతున్నారు. బెల్లమూ ఏలకులూ కలిసిన ఆ వాసన గోడ దాటి వచ్చిందంటే చాలు, నాకు మా వంటమేస్త్రి భాస్కరంగారు గుర్తొస్తారు. సామర్లకోట నుంచి యానాం దాకా ఎవరింట్లో శుభకార్యమైనా ఆయన మనుషులే వండేవారు. ఏడో తరగతి లెక్కలు నన్ను వదిలేశాక ఆయన దగ్గర చేరాను. నేనే వాటిని వదిలేశానని మా అమ్మ అంటుంది. గరిటె తిప్పడం, పాకం చూడడం ఆయనే నేర్పారు. నోరు మాత్రం నాకు పుట్టుకతోనే ఉంది. "నీ నోటికి మూత పెడితే సగం గ్యాసు మిగులుద్దిరా" అనేవారు.

పెద్ద పొయ్యి నాది. తెల్లారకముందే బూరెల మూకుడు ముందు నిలబడితే ఆఖరి పంక్తి లేచేదాకా అక్కడే. నడుము కింద మంట, దవడలో ఖైనీ, పని అయ్యాక యానాం నుంచి ఎవరో ఒకరు తెచ్చిన సీసా. ఊళ్ళో వాళ్ళ సీమంతాలకీ బారసాలలకీ వండుతూనే ఉన్నాం గానీ మా ఇంట్లో ఊయల కట్టే పని పడలేదు. నా భార్య సత్యవతి శనివారాలు ఉపవాసం ఉంది, అన్నవరంలో వ్రతం చేయించింది, రాజమండ్రిలో సూదులన్నీ పొడిపించుకుంది. తనలో లోపమేమీ కనబడడం లేదనీ, ఈసారి మీ ఆయన్ని తీసుకురమ్మనీ డాక్టరుగారు చెప్పారు. "నాకేంటి, రుబ్బురోలులా ఉన్నాను" అని నవ్వేశాను. మా వైపు పద్ధతి అంతే. కడుపు పండకపోతే పరీక్షలు ఆడదానికి, మీసం మగాడికి.

ఒక సీమంతానికి కూరలు తరగడానికి సత్యవతి కూడా వచ్చింది. చలిమిడి ఉండలు కడుతుంటే తనూ చెయ్యి వేయబోయింది. ఆ ఇంటి పెద్దావిడ "నువ్వొద్దులేమ్మా, పిల్లాపాపా ఉన్నవాళ్ళు కడతారు" అంది. మెల్లగానే అంది. అయినా అందరూ విన్నారు. నేను ఊరుకోగలనా? "మా ఇంట్లో ఎలకలు నెలనెలా కంటున్నాయండీ, ఆ పిల్లల్ని మా ఖాతాలో వేసుకోండి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. సత్యవతి కత్తిపీట వైపు తిరిగి మళ్ళీ వంకాయలు తరగసాగింది. మేస్త్రిగారు నవ్వలేదు.

భోజనాలయ్యాక నన్ను కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళారు.

"పరీక్షకి వెళ్ళావా?"

"నాకెందుకండీ?"

"నేనూ ఆ మాటే అన్నానురా. మా ఆవిడ పోయేదాకా ఊరంతా గొడ్రాలనే అంది. లోపం ఆవిడదో నాదో నాకిప్పటికీ తెలీదు. తెలుసుకోడానికి భయపడ్డాను. నా మీసం కోసం ఆవిడ మాటలు పడింది." కండువా దులుపుకుని వెనక్కి తిరిగారు. "రేపు బయల్దేరు. నేనూ వస్తాను."

ల్యాబులో చిన్న డబ్బా చేతికిచ్చారు. "పాయసం శాంపిలేమో అనుకున్నానండి" అన్నాను. "నోరు మూసుకుని లోపలికెళ్ళరా" అన్నారు మేస్త్రిగారు. వీర్యకణాలు తక్కువ, ఉన్నవాటిలోనూ కదలిక సరిగా లేదని తేలింది. ఖైనీ, మందు మానెయ్యమన్నారు డాక్టరుగారు. రోజంతా ఆ పొయ్యి సెగ తగలడం కూడా మంచిది కాదన్నారు. కొన్ని నెలల్లో బాగుపడొచ్చు, పడకపోనూ వచ్చు.

బస్సులో మేస్త్రిగారు "ఎవరికి చెప్తావ్?" అన్నారు.

"సత్యవతికండి."

"ఆ అమ్మాయికొక్కదానికి చెబితే ఏం లాభం? మీ అమ్మకి చెప్పు, వీధికి చెప్పు. మాటలు పడింది వాళ్ళ దగ్గరరా."

చెప్పాను. మా అమ్మ నమ్మలేదు. "పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నావు" అంది. వేళాకోళాల మనిషినని నాకున్న పేరు ఆ రోజు నా నెత్తి మీదే కూర్చుంది.

మర్నాటి నుంచి మేస్త్రిగారు నన్ను పొయ్యి దగ్గర్నుంచి తప్పించి ఆడవాళ్ళతో పాటు కూరల దగ్గర కూర్చోబెట్టారు. "కొత్త కోడలొచ్చిందర్రా" అని మావాళ్ళు ఏడిపించారు. ఆ వయసులో ఆయనే మూకుడు ముందు నిలబడ్డారు. ఆ చెమటలు చూడలేక నేను లేవబోతే, "కూర్చో. నాకు కొత్తగా చెడేదేముందిరా" అన్నారు. కిందటి వానాకాలం పోయారు.

ఖైనీ మానాను, సీసా మానాను. తర్వాతి రిపోర్టు కొంత నయమన్నారు. ఆపైన ఏ విశేషమూ లేదు. నెలనెలా ఆశపడడానికి కూడా ఓపిక కావాలని ఇప్పుడు తెలుస్తోంది. రాత్రిళ్ళు ఇద్దరం ఆ సంగతి ఎత్తకుండానే నిద్రపోతున్నాం.

ఇప్పుడు సత్యవతి మాతోపాటే వడ్డనకు వస్తోంది. మొన్న ఒక పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్న ఒకావిడ "ఏమ్మా, ఇంకా ఏం లేదా?" అని తనని అడిగింది. అలాంటి ప్రశ్నకి నా దగ్గర బోలెడు జోకులున్నాయి. ఒక్కటీ వాడలేదు. పప్పు బకెట్ కింద పెట్టి, "లోపం నాదండి. మా ఆవిడది కాదు" అన్నాను. ఎంతమందికి చెప్పానో, ఇంకెంతమందికి చెప్పాలో. పంక్తిలో చేతులు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. సత్యవతి మాత్రం ఆగలేదు. తల ఎత్తుకుని, పక్క విస్తరిలో నెయ్యి వేసి ముందుకెళ్ళింది.