ముక్కుకు తగిలేదాక బాల్ ఎక్కడున్నదో తెల్వకపోయేది

మా చిన్నప్పుడు... బుగ్గారం బడిల, ఆరో తరగతిల, ఆటల పీరియడ్. పీటీ సార్ నన్ను ఒక్కదాన్నే గ్రౌండ్ నడుమ నిలబెట్టిండు. మిగిలిన పిల్లలందరిని చుట్టూ గీత మీద కూసోబెట్టిండు. చేతిల టెన్నిస్ బాల్.

"పట్టేదాక ఇడువ" అన్నడు.

మొదటిది భుజానికి తాకింది. రెండోది నుదుటికి. నేను చేతులు లేపేసరికే అది నన్ను దాటిపోతుండె, లేకుంటే ముఖానికి తాకుతుండె. పిల్లలు నవ్వుతున్నరు... నాకైతే బాల్ నా దిక్కు ఉరికి వస్తున్నట్టే అనిపించకపోయేది. ఉన్నకాడనే ఉండి ఉబ్బుతున్నట్టు కనపడేది. ఇంకా దూరమున్నది, ఇంకా దూరమున్నది అనుకుంటుండంగనే... ఠప్పుమని తాకేది.

పదోసారికి పెదవి పగిలింది. లంగా మీద రక్తం.

"కనపడ్తలేదు సార్" అన్న.

"బోర్డు మీద అక్షరాలు కనపడ్తయి గని గింత బాల్ కనపడ్తలేదా? నాటకాలా?"

ఏం చెప్పాలె? బాల్ కనపడ్తుండె. ఎంత దగ్గరికొచ్చిందో తెల్వకపోతుండె. పదకొండేండ్ల పిల్లకు ఈ రెంటికి తేడా చెప్పేటంత మాటలు యాడికెల్లి వస్తయి?

మా బాపు కల్లు గీసేతందుకు తాళ్లెక్కేటోడు. తెల్లారి ఆ పని ఇడిచిపెట్టి అమ్మను, నన్ను బస్సుల జగిత్యాల తీస్కపోయిండు. దవఖానల ఒక కన్ను మూయించి గోడ మీది అక్షరాలు చదువుమన్నరు. గడగడ చదివిన. ఇంకో కన్ను మూయించిండ్రు. గది గూడ చదివిన. అలిసిపోతే నా కన్ను జెరంత పక్కకు జరిగేది... అమ్మ గది చెప్పబోతే, "మెల్లకన్ను అదృష్టమమ్మా" అని నవ్విండు డాక్టర్. "రెండు కండ్లు మంచిగున్నయి. భయం, అంతే."

బయటికొచ్చినంక బస్టాండ్ల బాపు నన్ను కొట్టిండు. ఆయన జిందగిల నన్ను కొట్టింది గదొక్కసారే.

"తాడెక్కేటోని బిడ్డవు... బాల్‌కు భయపడి అబద్ధాలు చెప్తవా?"

గా దినంనుంచి ఆటల పీరియడ్ల కడుపునొప్పని చెప్పి తరగతిలనే కూసునేది. సైకిల్ నేర్చుకోలె. స్కూటీ ముట్టలె. కోరుట్లల చదివేటప్పుడు రోడ్డు దాటాలంటే, నాతోటోళ్లంతా అవతలికి పోయి "రావే" అని పిలుస్తుంటే, నేను ఇవతల్నే నిలబడేది. వచ్చే లారీ ఎంత దూరమున్నదో అంతు దొరకకపోయేది. నేను పిరికిదాన్ని అనుకున్న... ఇరవై ఐదేండ్లు గట్లనే అనుకున్న.

ఇప్పుడు సిరిసిల్లల ఉంటున్నం. పోయినేడు మా బిడ్డకు తలనొప్పి అంటే కండ్ల డాక్టరమ్మకు చూపించినం. ఆమె బిడ్డకు నల్లద్దాలు పెట్టి ఒక ఈగ బొమ్మ చూపించింది. "దీని రెక్కలు పట్టుకో" అన్నది. మా బిడ్డ కాయితానికి పైన, ఉత్త గాలిల, రెండు వేళ్లతోని చిటికె పట్టింది! "ఛీ, పైకి లేచింది మమ్మీ" అని నవ్వింది.

నేను గూడ ఆ అద్దాలు పెట్టుకొని చూసిన. ఈగ కాయితానికి అతుక్కునే ఉన్నది. లేస్తలేదని చెప్పిన.

డాక్టరమ్మ నవ్వు ఆపింది. నా కండ్లు అరగంట సేపు చూసింది.

"రెండు కండ్లు ఒక్క వస్తువును జెరంత తేడాతోని చూస్తయమ్మా. అది మన దిక్కు వస్తుంటే ఆ తేడా మారుకుంట పోతది. రెంటిని కలిపి చూసుకొని, ఎంత దగ్గరికొచ్చింది, ఎంత జోరుగ వస్తుంది అని మెదడు చెప్తది. మీ కండ్లు వంతులు ఏసుకొని చూస్తున్నయి. ఒకటి చూస్తుంటే ఇంకోదాన్ని మెదడు పక్కకు పెడ్తది. అందుకే విడివిడిగ మంచిగ చదువుతయి. కలిసి మాత్రం చూస్తలేవు, గందుకే మీకు ఈగ పైకి లేచినట్టు కనపడలే."

"చిన్నప్పుడే తెలిస్తే?"

"గ్యారంటీ అనలేను గని... కొంతైనా దిద్దుకునే వీలుండేది."

మా బిడ్డ నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది.

బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పిన. "బస్టాండ్ల కొట్టింది నేను మర్వలె బిడ్డా... గప్పుడు సుత నా మనసు ఒప్పలె" అన్నడు. ఆయన గొంతు ఇని నా కోపం సగం కరిగింది.

మిగిలిన సగం మొన్న జగిత్యాలల ఒక పెండ్లిల బయటవడ్డది. పీటీ సార్ అక్కడ అన్నం తింటున్నడు. రిటైరై మంచిగ తెల్లబట్టలేసుకున్నడు. పోయి ముందట నిలబడ్డ.

"సార్, నన్ను నడుమ నిలబెట్టి పదిసార్లు బాల్ కొట్టిండ్రు. పెదవి పగిలింది. యాదికున్నదా?"

"ఎంతమంది పిల్లలు బిడ్డా... ఎవరని యాదుంటరు?" అని నవ్విండు. "గప్పటి దెబ్బలతోనే మీరు గింత గట్టిగైండ్రు."

"నేను గట్టిగ కాలె సార్. పిరికిదాన్ని అనుకుంట బతికిన. నాకు రెండు కండ్లు కలిసి చూస్తలేవట."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"చెప్పిన సార్. పెదవి నుంచి రక్తం కారుతుంటే చెప్పిన. మీరే నాటకాలన్నరు."

పక్కన తినేటోళ్లు చేతులు ఆపి చూస్తున్నరు. ఆయన మాత్రం గిన్నె పట్టుకొని పోయేటోన్ని పిలిచి, పెరుగు పోయించుకున్నడు. అంతే... నేను తినకుండనే వచ్చేసిన.

ఇప్పుడు బడులల్ల అన్నీ మారినయంటున్నరు. రంగుల గోడలు, డిజిటల్ బోర్డులు. మొన్న మా బిడ్డ బడిల కండ్ల పరీక్ష పెట్టిండ్రు... ఒక కన్ను మూయించిండ్రు, ఇంకో కన్ను మూయించిండ్రు, "ఓకే" అని రాసి పంపిండ్రు. రెండు కండ్లు కలిపి ఎవ్వలు చూడలె. పోయి అడిగిన. "మాకిచ్చిన ఫారంల గది లేదు మేడమ్" అన్నరు.

మీ తరగతిల గూడ బాల్ పట్టరాని పిల్లనో పిలగాడో ఉండే ఉంటరు. మీరు గీత మీద కూసొని నవ్వినోళ్లా, నడుమ నిలబడ్డోళ్లా... నిజం రాయుండ్రి. నవ్వినోళ్లయినా సరే, రాయుండ్రి. ఒక్కలకన్నా యాదికున్నదని తెలుస్తది.