నలభై నాలుగు పళ్ళ కోసం ఉరవకొండ దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక మేకల మంద. నేను కదిరిలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, కాలు విరిగి కట్టు విప్పినవాళ్ళకీ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామాలు చేయిస్తాను. పన్నెండేళ్ళ నాటి నా చిన్న కారు లేకపోతే ఆ ఊళ్ళకు చేరడం నావల్ల కాదు. కిందటి నెల కుందుర్పి వైపు వెళ్ళినప్పుడు కారు కుడి వెనక చక్రం కల్వర్టు పక్క గుంతలో పడి, వెనక చక్రాలను మోసే ఇరుసు, అదే యాక్సిల్, వంగిపోయింది. మా మెకానిక్ బాషా అన్న అదే మోడల్ పాత యాక్సిల్ ఒకటి వెతికి తెచ్చి బిగించాడు. బోల్టులన్నీ చక్కగా కుదిరాయి. కానీ డ్యాష్‌బోర్డు మీద బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్ తాలూకు లైటు వెలిగింది, ఇక ఆరలేదు. రెండో రోజు ఊరి బయట మలుపులో మేకలు అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద దడదడలాడింది, కారు మాత్రం ఆగాల్సిన చోట ఆగలేదు. చివరి మేకకూ బంపరుకూ మధ్య జానెడు దూరం మిగిలింది. మేకలాయన నన్ను తిట్టలేదు. భుజం మీది మేకపిల్లను గట్టిగా పట్టుకుని, నా ముఖంలోకి చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపు ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

బాషా అన్నకు చెబితే తేలిగ్గా తీసుకున్నాడు. "ఆ లైటు పీకేస్తే పోలా అక్కా? అందరూ అట్లే తిరుగుతాండారు." నేను ఒప్పుకోలేదు. నా పనిలో కుడి మోకాలికి నొప్పి ఉంటే ఎడమ మోకాలిని కూడా కొలుస్తాను, రెంటినీ పోల్చి చూస్తాను. ఆ అలవాటు కొద్దీ, వంగిపోయిన యాక్సిల్ తాలూకు పాత హబ్‌నూ, కొత్తగా వేసిన హబ్‌నూ ఊడదీసి పక్కపక్కన పెట్టమన్నాను. చక్రం బిగించే ఆ ఇనుప దిమ్మనే హబ్ అంటారు. దాని వెనక పళ్ళున్న రింగు ఒకటి ఉంటుంది. ఆ పళ్ళు ఎంత వేగంగా దాటిపోతున్నాయో చూసి, చక్రం వేగాన్ని సెన్సర్ కారు కంప్యూటర్‌కు చెబుతుంది. సుద్దముక్కతో ఒక పంటికి గుర్తు పెట్టి లెక్కపెట్టాను. పాతదానికి నలభై నాలుగు. కొత్తదానికి నలభై ఎనిమిది. బాషా అన్న నా చేతిలో సుద్దముక్క లాక్కుని మూడుసార్లు లెక్కపెట్టి, నేలమీద అలాగే కూర్చుండిపోయాడు. వెనక పళ్ళు ఎక్కువైతే వెనక చక్రాలు వేగంగా తిరుగుతున్నట్టు, ముందు చక్రాలు బ్రేకుకు పట్టుకుపోతున్నట్టు కంప్యూటర్ భ్రమపడుతుంది. అందుకే అక్కరలేని చోట బ్రేకు వదిలేస్తోంది.

పాత ఎడమ హబ్ బాగానే ఉంది. కుడిదాని రింగు గుంతలో పగిలిపోయింది. అంటే నాకు కావలసింది నలభై నాలుగు పళ్ళున్న ఒకే ఒక్క హబ్. షోరూమువాళ్ళు మొత్తం సెట్టు తీసుకోవాలన్నారు, అదీ నెల పడుతుందన్నారు. తలుపుల ఊరి దగ్గర ఒక పల్లెలో నా పేషంటు నాగరత్నమ్మ అప్పుడప్పుడే గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేస్తోంది. నెల రోజులు ఆపితే ఆ అడుగులు మళ్ళీ మంచం పాలవుతాయి. అందుకే శనివారం పొద్దున ఆరు గంటల బస్సుకు, పోల్చి చూసిన ఆ రెండు హబ్‌లనూ బియ్యం సంచిలో వేసుకుని అనంతపురం బయలుదేరాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితం. మగవాళ్ళయితే నూట యాభై దగ్గర పెట్టుకోండి. సంచి తన కాలికి తగిలి కండక్టర్ ఉలిక్కిపడ్డాడు.

"ఏముండాది అక్కా దీంట్లో?"

"పండ్లు."

"ఏం పండ్లు? ఇంత బరువా?"

సంచి మూతి విప్పి రింగు పళ్ళు చూపించాను. ముందు సీట్లవాళ్ళు కూడా నవ్వారు.

ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండు ఎదురుగా బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. నలభై రూపాయలు, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అక్కణ్ణుంచి పాత కార్ల సామాన్ల అంగళ్ళకు ఆటోలో అరవై. అక్కడ ఒక శెట్టిగారి కొట్టులో హబ్‌లు గుట్టగా పడి ఉన్నాయి. "అన్నీ ఒకటేనమ్మా, ఏదో ఒకటి తీసుకో" అన్నారాయన. నేను కింద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై ఎనిమిది. మళ్ళీ నలభై ఎనిమిది. ఒకదానికి రింగే లేదు. కాసేపు విసుగ్గా చూసిన శెట్టిగారు, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. పదకొండు హబ్‌లు ఇద్దరం పంచుకుని లెక్కపెట్టాం. ఒక్కటీ సరిపోలేదు.

"ముప్పై ఏండ్లుగా ఇవి అమ్ముతాండా. పండ్లు లెక్కబెట్టినోళ్ళు నువ్వే మొదలు," అని ఆయన ఫోన్ తీశారు. రెండు నిమిషాలు మాట్లాడి నావైపు తిరిగారు. "ఉరవకొండలో ఓబులమ్మ షెడ్డులో నీ మాదిరి బండి ఒకటి ఉండాదంట. ముందర నుజ్జయింది గానీ ఎనక బాగుండాది. బిరీన పో, యాక్సిల్ కోసం ఎవరో వచ్చినారంట."

ఉరవకొండకు బస్సులో గంటంబావు. వాన కోసం ఎదురుచూస్తున్న ఎర్రనేల, రాళ్ళ గుట్టలు, దూరంగా గాలిమరలు. నాకు అవేవీ సరిగా కనిపించలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని గడియారమే చూశాను. షెడ్డు చేరేసరికి పన్నెండు. పాత కార్లు విప్పి అమ్మే ఓబులమ్మ, కొంగు నడుముకు చుట్టి, పొడుగాటి పైపు తగిలించిన స్పానరుతో పనిలో ఉంది. యాక్సిల్ అప్పటికే కిందకు దిగింది. దాని మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు రామిరెడ్డి అనే రైతు. బయట ఆయన బాడుగకు తెచ్చిన ట్రాక్టరు సిద్ధంగా ఉంది.

ముందు లెక్కపెట్టనివ్వమని అడిగాను. పుల్లతో మట్టి గీకి, సుద్దతో గుర్తు పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కో పన్నూ దాటాను. నలభై నాలుగు! మళ్ళీ లెక్కపెట్టినా నలభై నాలుగే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అన్నా, ఈ ఒక్క హబ్ నాకు ఇవ్వండి."

"యాడిచ్చేది తల్లీ? సెనిక్కాయలు తోలేదానికి ఎద్దుల బండి చేయించుకుంటాండా. ఒక పక్క చక్రం లేకుండా బండి ఎట్ల పోతాది?" ఆయన కాలు తీయలేదు.

అప్పుడు తట్టింది. సంచిలోంచి నలభై ఎనిమిది పళ్ళ హబ్ తీసి ఆయన ముందు పెట్టాను. "ఇది తీసుకోండి. బోల్టులు, బేరింగు అన్నీ అవే. పళ్ళు మాత్రమే తేడా."

ఆయన అనుమానంగా చూశాడు. ఓబులమ్మ పగలబడి నవ్వింది. "ఏమప్పా రెడ్డీ, నీ ఎద్దులు పండ్లు లెక్కబెడతాయా ఏం?"

రామిరెడ్డి దాన్ని ఇరుసుకు తొడిగి తిప్పి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. గరగర లేదు. "ఇదే నున్నగా తిరగతాండాది. తీసుకుపో తల్లీ," అంటూ కాలు తీశాడు. ఓబులమ్మ ఆ పక్క సెన్సర్ కూడా తీగ తెగకుండా విప్పి ఇచ్చింది. "రింగూ, సెన్సరూ ఒక బండివే ఉంటే కొట్లాడుకోవు." సెన్సరుకు ఆరువందలు తీసుకుంది. తన డబ్బాలోని సంగటి, ఊరుబిండి నాకు సగం పెట్టకుండా కదలనివ్వలేదు. వేరుశెనగ పచ్చడికి అంత రుచి ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

సాయంత్రం ఆరింటికి కదిరిలో దిగాను. ఆదివారం పొద్దున బాషా అన్న హబ్‌లు బిగించాడు, ఎడమవైపు నా పాతది, కుడివైపు ఉరవకొండది. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగింది. మూడు క్షణాల తర్వాత ఆరిపోయింది. ఊరి బయట కంకర నేల మీద నలభై వేగంతో వెళ్ళి బలంగా బ్రేకు తొక్కాను. కారు గీత గీసినట్టు నిలిచింది. "ఇంకోసారి తొక్కు అక్కా!" అని అరిచాడు బాషా అన్న. మూడోసారికి కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరూ లేని మైదానానికి వినపడేలా ఈల వేశాడు. నేను హారన్ కొట్టాను. సోమవారం పదింటికి నాగరత్నమ్మ ఇంటి ముందు కారు ఆపాను. ఆరోజు ఆమె తొమ్మిదడుగులు వేసింది.

లైటు పీకేయమన్న మాట విని ఉంటే నాకు శ్రమ తప్పేది, నిజమే. కానీ శెట్టిగారు నా పక్కన నేల మీద కూర్చున్న ఆ అరగంట, ఓబులమ్మ నవ్వు, రామిరెడ్డి చెవి పెట్టి విన్న తీరు నాకు దక్కేవి కావు. ఈ ఎండిన నేల మీద బతికేవాళ్ళు పాత ఇనుమును కూడా ఊరికే పోనివ్వరు. ఒకరికి పనికిరానిది ఇంకొకరికి ఎక్కడ పనికొస్తుందో వాళ్ళకు తెలుసు. అడిగితే దారి చూపిస్తారు. ఇప్పుడు బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ, ఇది నేను తెచ్చుకున్న ధైర్యం అనిపిస్తుంది.

మీరూ ఇలాంటి పని మీద బయలుదేరితే ఒక్క మాట: వెనక యాక్సిల్ మార్చేటప్పుడు పాత హబ్‌ను వెంట తీసుకెళ్ళండి, జేబులో సుద్దముక్క ఉంచుకోండి, బిగించాక కాదు, కొనకముందే పళ్ళు లెక్కపెట్టండి. అంగడివాళ్ళు నవ్వినా సరే, రెండుసార్లు లెక్కపెట్టండి.