చాచా దుకాణంలో కెమెరా పందెం

ఆ రోజుల్లో, నా కంటపడ్డ ప్రతి మూఢనమ్మకాన్నీ అక్కడికక్కడే ఓడించకపోతే సమాజం ఆ సాయంత్రానికే వెనక్కి వెళ్ళిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. (అదీ ఒక నమ్మకమేనని ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే వాళ్ళతోనూ వాదించేవాణ్ణి.) చర్చావేదికల మీద అరిచి గొంతు పోయిన మరునాడు నాకున్న విశ్రాంతి ఒకటే: వరంగల్ పాత సామాన్ల దుకాణాలు తిరిగి, పాడైన కూలర్ల వెనుక పాత కెమెరాలు వెతకడం. లోకమంతా ఫోన్లలో ఫోటోలు తీసుకుంటుంటే నేను సంచిలో ఫిల్మ్ రోలు వేసుకుని తిరిగేవాణ్ణి. అలా ఒక మధ్యాహ్నం, నన్నెరిగిన చాచా దుకాణంలో ఇత్తడి కుప్ప మీద కనిపించింది, తోలు మడతలతో ముందుకు సాగే పాత కెమెరా. చేయి చాచేసరికి చాచా సుత్తి అడ్డం పెట్టాడు.

"ముట్టకు బిడ్డా. ములుగు దిక్కు ఒకాయన దాంతోని ఉత్త సచ్చినోళ్ల ఫోటోలే తీసిండట. ఒకడు కొన్నడు, తెల్లారే వాపస్ తెచ్చిండు. పగలగొట్టి తూకానికేస్తాన. తుక్కు బండి వచ్చే యాళ్లయింది."

"బతికున్నోడు దిగితే ఏమైతది చాచా?"

"అది సూసెటందుకు ఎవడన్న దిగాలె గద!"

"నేను దిగుతా."

"కదలకుంట, లేవకుంట దిగు, కెమెరా నీది. లేస్తివా, ఇగో సుత్తి."

పక్కనున్న పంక్చరు దుకాణం ఖాళీ అయి జనమంతా ఇక్కడికి చేరింది. చాచీ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "జర ఆగరాదు బిడ్డా! మీ అమ్మ అడిగితే నేనేం జెప్పాలె?"

"సైన్సు చెప్పు చాచీ."

"నువ్వుంటే నువ్వే జెప్తవు. నువ్వు లేకుంటేనే గద నన్నడిగేది!"

మీట నొక్కడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అదృష్టవశాత్తూ, కాసేపాగి తనంతట తానే ఫోటో తీసే మీట దానికి ఉంది. ఫిల్మ్ ఎక్కించి, కెమెరాను కూలర్ మీద నిలబెట్టి, మీట లాగి, పరుగున వచ్చి ఎదుటి స్టూలు మీద కూర్చున్నాను. మీట గిర్రుమని మోగి, సగంలో ఆగిపోయింది. దుమ్ము, తుప్పు, ఎండిన నూనె అని కారణాలన్నీ మనసులో వరుసగా చెప్పుకున్నాను. నా గుండె వాటిలో ఒక్కటీ వినలేదు.

"మనిషిని సూసి, తియ్యాల్నా వద్దా అని సోంచాయిస్తాంది రా!" అన్నారెవరో. బయట బండి హారన్ కొట్టింది. చాచా సుత్తి ఎత్తాడు.

"లేస్తవా?"

"లేవ." (పెదవులు కదపకుండా అనడం ఎంత కష్టమో!)

చెమట కనుబొమ్మ దాటింది. చాచీ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు, ఎవరూ తాకకుండానే, టిక్కుమంది.

నేను చావలేదు. చాచా సుత్తి పక్కన పెట్టి, కెమెరాను లుంగీ అంచుతో తుడిచి చేతికిచ్చాడు. నేను విజయగర్వంతో ఫిల్మును స్టూడియోలో కడగడానికిచ్చాను. తీసుకోవడానికి వెళ్ళినరోజు స్టూడియో అన్న కంప్యూటర్ నుంచి తల ఎత్తకుండానే నిట్టూర్చాడు.

"సిన్న వయసే. ఎట్ల పోయిండన్నా? ఫికర్ జెయ్యకు, కండ్లు తెరిపిస్తం. పోయినోళ్ల ఫోటోలకు మాకు రోజూ అదే పని. దండ గూడ ఏద్దామా?"

వంగి చూశాను. స్టూలు మీద కర్రలా బిగుసుకుని, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, నేను.

"అది నేనే అన్నా."

అతను నన్ను చూశాడు, తెరను చూశాడు, కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. "మరి... తెరిపియ్యాల్నా?"

"వద్దు. ఉన్నదున్నట్టే ఇయ్యి."

ఆ ఫోటో నా పుస్తకాల అలమరలో ఉంది. అడిగినవాళ్ళకు ఎండ కళ్ళలో పడిందని చెబుతాను. (దుకాణం రేకుల నీడలో కూర్చున్నానని ఆ రోజు అక్కడున్నవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.) సభల్లో ఇప్పటికీ అదే గొంతుతో అరుస్తాను. ఇంటికొచ్చాక ఫోటోలోని ఆ బక్కవాణ్ణి చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. కళ్ళు మూసుకున్నాడు గానీ, పాపం, లేవలేదు.