నీలం కలిసిన గీత

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో లేచి టీకి పోయే రకం నేను. మెకానికల్ చదివాను. బోల్టు వదులైతే చప్పుడొస్తుందని తెలుసు, అంతకు మించి ఏ చప్పుడుకీ భయపడలేదు. అందుకే ఇది రాయాలంటే కాస్త సిగ్గుగానే ఉంది.

మా నాన్న తార్నాక దగ్గర యూనివర్సిటీ గ్రౌండ్‌లో పనిచేసేవాడు. పరుగు పందేలకు సున్నంతో గీతలు వేయడం ఆయన పని. ఎండలో కొట్టొచ్చినట్టు కనపడాలని సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవాడు. ఆయన గీత వంకర పోయిందని ఎవరూ అనగా నేను వినలేదు.

నాకు సైకిల్ నేర్పిందీ అక్కడే. ఎక్కడ బ్రేకు వేయాలో అక్కడ అడ్డంగా గీత గీసి, దాని చివర మూడు వేళ్లు అద్దేవాడు. "గీడ ఆగాలె బిడ్డా, ఏమైనా సరే" అనేవాడు. ఆ మూడు వేళ్ల సంగతి మా ఇద్దరికే తెలుసు.

నేను అదే యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది ఆయన పోయాడు.

మూడో ఏడాదిలో మేం ఎనిమిది మందిమి కలిసి ఏటీవీ తయారుచేశాం. రాళ్లలో, గుంటల్లో నడిచే నాలుగు చక్రాల బండి. పైపులు వంచడం నుంచి వెల్డింగ్ దాకా అన్నీ మా చేతులతోనే. డ్రైవర్‌ని నేను. గొప్పలు చెప్పుకుంటోంది అంటారేమో, అది గొప్పే.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, బండి ఉంది, నడపడానికి నేల లేదు. పోటీకి పోవాలంటే ముందు మట్టిలో నడిపి బ్రేకు పరీక్షించుకోవాలి. అంబర్‌పేట్ వైపు మూసీ ఒడ్డున తరిమేశారు. రామంతాపూర్‌లో చూసుకున్న ఖాళీ జాగాకు వారం తిరిగేసరికి గోడ లేచింది. చివరికి క్యాంపస్ వెనక రాళ్ల గుట్టల దగ్గర ఒక్క ఉదయం నడుపుకోమన్నారు. అది పోతే మాకు ఆ ఏడు పోటీ లేనట్టే.

నడవని నేల మీద బండి తోలకూడదన్నది మా నియమం. ముందు రోజు సాయంత్రం దారంతా నడిచి ముగ్గుపిండితో గుర్తులు పెట్టాం. పొద్దు గుంకుతోందని చివరి ముక్క మాత్రం నడవలేదు. చుట్టు తిరిగి రోడ్డు వైపు నుంచి వచ్చి, ఆఖరి గీత గీసేసి ఇళ్లకు పోయాం. తప్పు మాదే.

పొద్దున కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాను. బండి గుట్టలెక్కింది, గుంటల్లో దూకింది, ఒక్క బోల్టు కదల్లేదు. హెల్మెట్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చివరి గుట్ట దిగుతుంటే ఎదురుగా అడ్డంగా ఒక గీత. దాని చివర మూడు వేళ్ల అచ్చులు. ఆలోచించలేదు, కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండి సరిగ్గా గీత దగ్గర ఆగింది.

మా జట్టులో వెల్డింగ్ చేసే శీను కోపంగా పరిగెత్తుకొచ్చాడు. "గీడెందుకు ఆపినవ్? మన గీత ఇంకా ముందటున్నది గదా" అన్నాడు. నాలుగడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. అతని ఎదుట, తీగల కింద, గట్టు లేని పాడుబావి ఉంది. ముందు రోజు రోడ్డు వైపు నుంచి చూసినప్పుడు మాకు పచ్చటి తీగలే కనపడ్డాయి.

ఆ గీత మాలో ఎవరూ గీయలేదు. ఒక్కొక్కరి చేత ఒట్టు వేయించి మరీ అడిగాను. రాత్రి ఎవరూ రాలేదని వాచ్‌మన్ చెప్పాడు. మా ముగ్గుపిండి గుర్తులన్నీ మట్టి కలిసి మాసిపోయాయి. ఇదొక్కటే సున్నం, తెల్లగా, కాస్త నీలంగా ఉంది.

సాయంత్రం లాలాపేట్‌లో ఇంటికెళ్లి ఫోన్‌లో తీసుకున్న ఆ గీత ఫోటో అమ్మకు చూపించాను. బావి సంగతి గానీ, పొద్దున జరిగింది గానీ చెప్పలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది.

"మీ నాయన గీత గదా. గీ పాత ఫోటో ఏడ దొరికింది బిడ్డా?" అంది.

నాకు ఏడుపొచ్చింది.

పోటీకి వెళ్లాం. బ్రేకు పరీక్ష మొదటిసారికే గట్టెక్కాం. ఇంత కచ్చితంగా ఆపడం ఎవరు నేర్పారని అక్కడి జడ్జి అడిగాడు. మా నాన్న, గ్రౌండ్‌లో గీతలు గీసేవాడు అని చెప్పాను, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ గీత అక్కడికి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆయన ఆగమన్న చోట ఆగాను, అంతవరకే నాకు తెలుసు.