చెవుల మేస్త్రి

ఆ వీధిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. పెద్ద చెవులేం కావు, అందరిలాంటి చెవులే. కానీ బండి వీధి మలుపు తిరక్కముందే, కూర్చున్న చోటినుంచి లేవకుండా దాని రోగం చెప్పేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. అంతటి చెవులు రెండేళ్ళుగా మొరాయిస్తున్నాయి. పెద్ద చప్పుళ్ళు బాగానే వినపడతాయి, సన్నవే జారిపోతున్నాయి. ఈ సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. బయటపడిన రోజున తనకిక పని లేదని ఆయన భయం. భార్య రెండోసారి పిలిస్తే "పనిలో ఉన్నాను, కనపడట్లేదూ?" అని విసుక్కునేవాడు. పాపం ఆవిడ, ఈ వయసులో మొగుడికి పొగరెక్కిందనుకునేది.

అలాంటి రోజుల్లో ఆ వీధిలోనే కొట్టున్న దర్జీ ఒక పాతకాలపు బండిని తోసుకొచ్చాడు. అది అతని తండ్రిది. ఆయన పోయినప్పటినుంచి షెడ్డులో మూలపడి తుప్పు తింటోంది.

"మా నాన్న నడిపినట్టు ఒక్కసారి దీన్ని నడపాలని ఉంది మేస్త్రీ. మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు."

మేస్త్రి లోపల్లోపల ఉబ్బిపోయాడు. ఈ ముసలిబండిని బతికించగలిగితే తన చెవులకేమీ కాలేదన్నమాటే. ఆయన ఆశంతా దానిమీదే పెట్టుకున్నాడు.

తుప్పు గీకాడు, ఇంజను విప్పి బిగించాడు, ట్యాంకు కడిగాడు. అన్నీ అయ్యాక కార్బురేటరు మొండికేసింది. కుళాయి తిప్పడం ఆలస్యం, పెట్రోలు పొంగి నేలమీదికి కారిపోతోంది. కార్బురేటరు గిన్నెలో ఫ్లోటని ఒక ఇత్తడి డబ్బీ తేలుతూ ఉంటుంది. పెట్రోలు నిండేకొద్దీ అది పైకి లేచి, ఒక సూదిని నెట్టి దారి మూసేస్తుంది. డబ్బీకి చిల్లుపడి లోపలికి పెట్రోలు చేరిందంటే అది సరిగ్గా లేవదు, దారి మూసుకోదు. అందుకే మేస్త్రి ముందుగా ఫ్లోటునే తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏ చప్పుడూ లేదు.

"ఫ్లోటు నిక్షేపంలా ఉంది" అని తేల్చేశాడు.

కొందరు మెకానిక్కులు దాన్ని వేడినీళ్ళలో ముంచి బుడగలు వస్తాయేమో చూస్తారు. అది చెవుల్లేనివాళ్ళ వైద్యమని మేస్త్రి జీవితమంతా వాళ్ళను ఎగతాళి చేశాడు.

ఇక మిగతావాటిమీద పడ్డాడు. సూది మార్చాడు, అది కూర్చునే చోటు నునుపు చేశాడు, ట్యాంకు మళ్ళీ దింపి కడిగాడు, కుళాయి కొత్తది వేశాడు. పెట్రోలు కారుతూనే ఉంది. దర్జీ కొట్టు కట్టేసి వెళ్తూ రోజూ తొంగిచూసేవాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"గుండీలు కుట్టడం కాదయ్యా ఇది! చేస్తున్నాగా!"

అరిచాడే గాని, ప్రాణం ఉసూరుమంటోంది. అన్నం సయించడం మానేసింది. పీటమీద కూర్చుని, కారే చుక్కలకేసి చూస్తూ ఉండిపోయేవాడు. తనకు తెలిసిన విద్యంతా అయిపోయిందనీ, ఇంకేం మిగల్లేదనీ అనిపించేది.

ఒక పొద్దున భార్య టీ గ్లాసు పెట్టడానికి చోటులేక బల్లమీది సామాను పక్కకు జరిపింది. మేస్త్రి రాత్రి మళ్ళీ విప్పి పెట్టిన ఫ్లోటు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"ఏమండీ, ఈ డబ్బీలో ఏదో సన్నగా తొణుకుతోంది."

మేస్త్రి దాన్ని లాక్కుని కుడిచెవి దగ్గర ఊపాడు, ఎడమచెవి దగ్గర ఊపాడు.

"నువ్వు ఊపు" అన్నాడు.

ఊపింది. "అదిగో, వినపడట్లా?"

ఆయన ముఖం చూశాక ఆవిడకు అర్థమైపోయింది. "ఎన్నాళ్ళనుంచండీ?" అంది. ఆవిడ పొయ్యిమీద నీళ్ళు పెట్టింది. ఫ్లోటు ముంచితే అతుకు దగ్గర్నుంచి సన్నగా బుడగలొచ్చాయి. లోపలి పెట్రోలంతా పోగొట్టి, మేస్త్రి అక్కడ టంకం పెట్టాడు. చేతులు ఎప్పటిలాగే చక్కగా పనిచేశాయి.

సాయంత్రం దర్జీ కిక్కు కొట్టాడు. ఒక్క చుక్క కారలేదు. మూడో కిక్కుకు బండి అందుకుంది. దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. అంతలో తల పక్కకు వంచాడు.

"మేస్త్రీ, ఆ టిక్కుటిక్కు ఏంటి?"

మేస్త్రికి ఇంజను దబదబలే తెలుస్తున్నాయి. అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుని వంగాడు. భార్య గబగబా పక్కకొచ్చి, "నేను విని చెప్తాగా" అని చెవిలో అంది.

"ఏ టిక్కు?" అని మేస్త్రి ఆవిణ్ణి అడిగాడు.

"టిక్కు... టిక్కు. గడియారంలాగా."

"పొడిగానా? లోపల్నుంచా? వేగం పెంచితే మారుతోందా, అలాగే ఉందా?"

ఆవిడ శ్రద్ధగా వింది. "టిక్కేనండీ..." అంది. ఏం చెబుతుంది? వదిలెయ్యకూడని టిక్కులు, పట్టించుకోనక్కర్లేని టిక్కులు, ఎన్నో ఆయనకు తెలుసు. వేటికీ పేర్లు పెట్టలేదు. ఇంకొకరిని అడగాల్సి వస్తుందని ఎప్పుడనుకున్నాడు గనక?

"ఆపు బండి" అన్నాడు. "వేరేవాళ్ళకు చూపించుకో. నాకు వినపడట్లేదయ్యా."

దర్జీ తెల్లబోయాడు. ఒకసారి ఆవిడకేసి చూశాడు. తర్వాత మేస్త్రి ముఖానికి దగ్గరగా వంగి, వీధంతా తిరిగి చూసేలా గొంతు చించుకున్నాడు.

"పర్వాలేదు మేస్త్రీ! మీరు ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోండి!"