గడప బయట దులుపుకున్న పోగులు

పక్కింటి పెద్దబాపు పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్ల బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం చూస్తున్నాను. అప్పటిదాకా, ఇల్లు చేరగానే ఆయన ఎప్పటిలా "మన లడ్డుగాని పోరు ఎట్లున్నది?" అంటాడనుకుంటూనే ఉన్నాను.

లడ్డు నా హామ్‌స్టర్, ఎలుక జాతి పెంపుడు జీవి. గుప్పిట్లో పట్టేంత, తేనెరంగు బొచ్చు. తెచ్చిన వారమే దాన్ని మగ్గు నీళ్లలో ముంచి షాంపూతో రుద్దాను. అది వణికి ముద్దయిపోతుంటే పిట్టగోడ అవతల నుంచి చూసి, నేతపని చేసే పెద్దబాపు ఉరికొచ్చాడు.

"ముంచనీకి గదేమన్న నూలా, బిడ్డా? కాలేజీల గిదే చెప్పిన్రా?" అంటూనే తువ్వాలలో చుట్టి, ఆరేదాకా అరచేతుల మధ్య దాచుకున్నాడు.

పొడి ఇసుకలో పొర్లితే దాని ఒంటి జిడ్డు పోతుందని ఆ తర్వాత చదివి చెప్పాను. ఆయన మానేరు ఇసుక కడిగి, అమ్మ రొట్టెల పెనం మీద వేయించి, సన్న దుమ్ము పోయేలా జల్లించాడు. "రొట్టె కరకరమంటే గా ఎలుకనడుగున్రి" అని అమ్మ వారం రోజులు దెప్పింది.

ప్రేమ ఎక్కువై ఒక పొరపాటూ చేశాడు. తాను నడిపే సాంచాల, అంటే మరమగ్గాల, కింద పడే నూలు తుక్కు తెచ్చి, "మెత్తగ పంటడు" అని లడ్డుకు పరుపు వేశాడు. తెల్లారేసరికి ఒక పోగు దాని వెనక కాలికి బిగుసుకుంది. కాలు ఉబ్బి నల్లబడుతోంది. నలభై ఏళ్లుగా తెగిన పోగులు అతికిన ఆయన, ఆ ఒక్క పోగు కత్తిరించడానికి కత్తెరను మూడుసార్లు దగ్గరకు తెచ్చి వెనక్కి తీశాడు.

"గట్టిగ పట్టు బిడ్డా. కాలు పోతే నీకు మొకం సూపియ్య."

కాలు దక్కింది. ఆయన మాత్రం రెండు రోజులు రాలేదు. నేనే వెళ్లి లడ్డును ఒళ్లో పెట్టాను.

అప్పటి నుంచి పని దిగి వచ్చినప్పుడల్లా మా గడప బయటే ఆగి, అంగీ దులుపుకుని, చేతులు చాచి నిలబడేవాడు. "సూడు, ఏడన్న పోగున్నదా?" నేను చుట్టూ తిరిగి చూసి, ఆయన చెవి వెనక దూదిపింజ తీసి, ఇంకేం లేదంటేనే లోపలికి అడుగు. ఆపైన పాత టూత్‌బ్రష్‌తో లడ్డు వీపు దువ్వేవాడు. కోర్సులూ ఊళ్లూ మారుస్తూ కుదురు లేని నాకు బ్రష్ ఇచ్చి, "నిమ్మలంగ. నీ లెక్క ఉరికితె బొచ్చు ఊడుతది" అని నవ్వేవాడు.

మొన్న ఆయన దినాలయ్యాక, ఆయన భార్య పెద్దమ్మతో కలిసి ఆయన అంగీలు మడతపెట్టి ఇంటికొచ్చాను. లోపల లడ్డు, ఆయన వేయించిన చివరి డబ్బా ఇసుకలో వెల్లకిలా పొర్లుతోంది. నాలుగు కాళ్లూ గాల్లో.

గడప దాటబోయి ఆగాను. చున్నీ దులిపాను. మోచేతి దగ్గర ఒక తెల్ల పోగు. తీసేశాను. ఇంకా ఎక్కడైనా ఉందేమో చూసి చెప్పేవాళ్లు లేక, చేతులు చాచి అక్కడే నిలబడ్డాను.